అసలు అరగకూడదు

ఈమధ్య చాలా ఇళ్లలో అటక మీది గ్రామఫోను రికార్డులు కిందికి దిగుతున్నాయి. మా ఇంట్లోనూ దిగాయి. అందులో 1974లో కన్నుమూసిన ఘంటసాలగారి భగవద్గీత ఉంది. బరంపురంలో ఒడియా బడిలో చదివిన నాకు తెలుగు ఉచ్చారణ దిద్దిన గురువు, శ్లోకం వెంట వచ్చే ఆ తాత్పర్యమే.

టర్న్‌టేబుల్ కొనేవారికి బ్యాంకు ఉద్యోగిగా ఒక మాట. రికార్డు అసలు, పాట వడ్డీ. అసలే అరిగిపోతే వడ్డీ ఎక్కడిది? పెట్టె ఆకారంలో వచ్చే చవక రకాల్లో చాలావాటికి ముల్లు భారం సర్దుకునే వీలుండదు. భారం ఎక్కువైతే గాడి దెబ్బతింటుంది. చేతి వెనక తిప్పుకునే తూకపు బరువు, మార్చుకోదగిన ముల్లు ఉన్నవే చూడండి. మామూలు మాగ్నెటిక్ కార్ట్రిడ్జికి సుమారు 2 గ్రాముల భారం చాలు. ఫోనో ప్రీఆంప్లిఫయర్ అందులోనే ఉంటే మామూలు ఆంప్లిఫయరుకు నేరుగా తగిలించుకోవచ్చు. తాతలనాటి 78 వేగపు లక్క రికార్డులకు మాత్రం వెడల్పాటి ముల్లు వేరే కావాలి. చాలా కొత్త యంత్రాల్లో ఆ వేగమే ఉండదు, అడిగి కొనండి.

మా అబ్బాయికి తెలుగు చదవడం రాదు. వింటే మాత్రం అర్థమవుతుంది. అందుకే ముల్లు దగ్గర పొదుపు వద్దంటాను.