చలికాలమున పక్షుల ఛాయాచిత్రములు: ఏ లెన్సు, ఏ కెమేరా?

కామారెడ్డి జిల్లా తాడ్వాయి నుండి ఒక పాఠకురాలు మాకొక ప్రశ్న పంపియున్నారు. వారు రెండేండ్లు కుట్టుపని చేసి కొంత సొమ్ము కూడబెట్టుకొన్నారు. చలికాలమున పోచారము చెఱువునకు వచ్చు పెద్దబాతులను, ఆ ప్రక్క అడవిలోని దుప్పులను ఛాయాచిత్రములు తీయవలెనని వారి కోరిక. ఇంటిలో తలకొక మాట. పెనిమిటి మంచి కెమేరా కొనుమందురు. మఱది పెద్ద లెన్సు కొనుమనును. కుమారుడు చేతిలోని ఫోను చాలదా యనును. అత్తగారు ఆ సొమ్ముతో ఒక జత గాజులు చేయించుకొనుట మేలందురు. ఎవరి మాట వినవలెనని వారి ప్రశ్న. ఇట్టి సందేహము మఱికొందఱకును కలుగునది గావున ఈ మాసము దీనినే విచారింతము.

ముందుగా మన చలి యెట్టిదో తెలిసికొనవలెను. చలికాలపు ఛాయాచిత్రములను గూర్చిన సలహాలలో పెక్కు మంచుదేశములకు చెందినవి. లదాఖ్‌లో మంచుచిరుతను వెదకువారు సున్నకు దిగువ 20 డిగ్రీల చలిలో గంటలకొలది కూర్చుందురు. చేతితొడుగులతో మీటలు నొక్కుట యెట్లు, బ్యాటరీ చల్లబడి నీరసింపకుండుట యెట్లు అనునవి వారికి పెద్ద చిక్కులు. మన ప్రాంతమున మార్గశిర పుష్యమాసములలో తెల్లవారుజామున చలి 10 డిగ్రీల దరికి దిగును. ఒక్కొక్కయేడు అంతకు దిగువకును పోవును. పెక్కు కెమేరాలు సున్న మొదలు 40 డిగ్రీల వఱకు పనిచేయునట్లు చేయబడినవే. కావున చలికి కెమేరా చెడునను భయము మనకు వలదు. మన చలికాలము తెచ్చు చిక్కులు వేఱు: తెల్లవారువేళ వెలుతురు చాలమి, పొగమంచు, చెమ్మ. లెన్సును గాని కెమేరాను గాని ఈ మూడింటిని తలచుకొని యెన్నుకొనవలెను.

ఇక కుమారుని మాట. ఫోను చాలునా? లెక్క వేసి చూతము. పోచారమునకు వచ్చు పెద్దబాతు తలపై రెండు నల్లని అడ్డచారలుండును. దాని పొడవు సుమారు 75 సెంటీమీటర్లు. అది మనకు 60 మీటర్ల దూరమున నిలిచినదనుకొందము. ఫోనులోని సాధారణపు లెన్సుతో తీసినచో చిత్రపు వెడల్పులో బాతు నూఱవ వంతైనను ఉండదు. చిన్న సెన్సారుగల కెమేరాకు 300 మిల్లీమీటర్ల లెన్సు తగిలించినచో ఆఱవ వంతుండును. 600 మిల్లీమీటర్ల లెన్సైనచో మూడవ వంతుండును. అపుడు తలపై చారలే గాక కన్నును స్పష్టముగా కనబడును. కావున ఇంటిలో పిల్లల చిత్రములకు ఫోను చాలును గాని చెఱువు నడుమనున్న పక్షికి చాలదు. లెన్సుపై మిల్లీమీటర్లలో వ్రాయబడు ఈ సంఖ్యను నాభ్యంతరమందురు. పక్షులకు 400కు తక్కువ కాకుండుట మంచిది. దుప్పులకు 300 చాలును.

లెన్సుపై మఱియొక సంఖ్య ఉండును. అది ఎఫ్ 4, ఎఫ్ 5.6, ఎఫ్ 11 అని యుండును. లెన్సు తన కన్ను నెంత తెఱవగలదో ఆ సంఖ్య తెలుపును. సంఖ్య పెరిగినకొలది కన్ను చిన్నది. ఒకే వెలుతురులో ఎఫ్ 5.6 లెన్సు సెకనులో 500వ వంతు కాలములో తీయగల చిత్రమునకు ఎఫ్ 11 లెన్సునకు 125వ వంతు, అనగా నాలుగురెట్ల కాలము, పట్టును. ఎండ కాసిన పగటివేళ ఈ భేదము బాధింపదు. తెల్లవారువేళ మాత్రము ఇదియే చిత్రమును చెఱచును. 125వ వంతులో నిలిచియున్న బాతు బాగుగనే వచ్చును. రెక్కలు విప్పి లేచిన బాతు మసక మసకగా వచ్చును.

అట్లని పెద్దకన్నుగల లెన్సునే కొనుడని చెప్పవచ్చునా? అచట బరువు అడ్డుపడును. 600 మిల్లీమీటర్ల ఎఫ్ 4 లెన్సు సుమారు 3 కిలోలుండును. దాని వెల సామాన్య సంసారులు తలపదగినది కాదు. 2015లో వచ్చిన నికాన్ 200–500 లెన్సు ఎఫ్ 5.6ది, సుమారు 2 కిలోల 300 గ్రాములు తూగును. సిగ్మా 150–600 లెన్సులలో తేలికది 1 కిలో 930 గ్రాములు. కెనాన్ 2020లో తెచ్చిన 600 మిల్లీమీటర్ల ఎఫ్ 11 లెన్సు 930 గ్రాములే గాని, పైన చెప్పినట్లు తెల్లవారువేళ దానికి చూపు తక్కువ. తేలికది కావలెనన్న వెలుతురు పోవును. వెలుతురు కావలెనన్న భుజము నొచ్చును. రెండింటి నడుమ ఎఫ్ 5.6 మొదలు ఎఫ్ 6.3 వఱకుగల, 2 కిలోల చేరువనుండు లెన్సు మన పాఠకురాలికి తగినదని మా అభిప్రాయము.

రెండు కిలోల బరువును అరగంటసేపు చేతులతో ఎత్తి నిలుపుట యెవరికైనను కష్టమే. ముక్కాలిపీట కొనవచ్చును. అంతకంటె చవుకైన యుపాయము కుట్టుపని తెలిసిన వారి చేతిలోనే యున్నది. గట్టి జీను గుడ్డతో మూరెడు సంచి కుట్టి, అందులో ఉలవలో పెసలో ముప్పాతిక వంతు నింపి మూతి కుట్టవలెను. దానిని చెఱువుకట్టపై రాతిమీదనో, జీపు కిటికీ అంచుమీదనో ఉంచి, లెన్సును దానిపై పండబెట్టినచో కదలదు. నిండుగా నింపినచో సంచి గట్టిపడి లెన్సు దొర్లును. వెలితి యుంచుటయే కీలకము.

ఇక పెనిమిటి మాట. కెమేరా మంచిది కావలదా? కావలెను, కాని సొమ్ములో పెద్దపాలు దానికి పోరాదు. కెమేరా ఏటేట క్రొత్తది వచ్చి పాతది వెలతగ్గు వస్తువు. మంచి లెన్సు పదేండ్లైనను పనిచేయును. అమ్మబోయినను కొంత ధర పలుకును. నిలుచు వస్తువు కొనుమను అత్తగారి హితవు ఇచట సరిగనే అన్వయించును. సొమ్మును మూడుపాళ్లు చేసి, రెండు లెన్సునకును, ఒకటి కెమేరాకును వినియోగింపుడు.

కెమేరాలో చూడవలసిన గుణములు కొన్ని గలవు. సెన్సారు 36 మిల్లీమీటర్ల వెడల్పుగల పెద్దదైనచో మసకవెలుతురులో చిత్రము శుభ్రముగా వచ్చును. 23 మిల్లీమీటర్ల చేరువనుండు చిన్నది చవుక. అదియే లెన్సుతో పక్షి చిత్రములో ఒకటిన్నర రెట్లు పెద్దదిగా కనబడును. మన పాఠకురాలికి చిన్నదే చాలును. ఐ.ఎస్.ఓ. సంఖ్యను 3200 వఱకు పెంచినను చిత్రము మరీ గరుకుగా రాకుండవలెను. కొనుటకు ముందు అంగడిలోనే చీకటి మూలను తీసి చూడుడు. అద్దముగల పాతరకపు డి.ఎస్.ఎల్.ఆర్. కెమేరాలు బ్యాటరీని తక్కువ తినును. పాతవి చవుకగా దొరకును. అద్దములేని మిర్రర్‌లెస్ కెమేరాలు చప్పుడు లేకుండ తీయగలవు. వానిలో పెక్కు పక్షికన్నును తామే పట్టుకొనును గాని బ్యాటరీ త్వరగా తఱుగును. లెన్సు మోఱ కెమేరా మోఱకు కుదురునో లేదో ముందే చూచుకొనుడు. ఒక సంస్థ లెన్సు కొన్న పిమ్మట ఆ సంస్థతో వియ్యమందినట్లే. మార్చుట ఖర్చుతో కూడిన పని.

వాడిన లెన్సు కొనువారు చేతిదీపమును వెనుకనుండి వేసి అద్దములలోనికి చూడవలెను. సాలెగూడువంటి తెల్లని పోగులు కనబడినచో అది బూజు. ఎంత చవుకగా వచ్చినను వలదు. హైదరాబాదులో లెన్సులను దినమునకింతయని అద్దెకిచ్చు అంగళ్లు కలవు. కొనుటకు ముందు ఒక దినము అద్దెకు తెచ్చి, తాడ్వాయిలోనే మీ ఇంటి వేపచెట్టుమీది పిట్టలపై పరీక్షించుట మిక్కిలి మంచిది. ఆ సాయంకాలము భుజము చెప్పు మాటయే కడపటి తీర్పు.

పొగమంచును గూర్చి ఒక మాట. దూరపు లెన్సు దూరమును దగ్గఱ చేయునే గాని నడుమనున్న మంచును తొలగింపజాలదు. ఎండ ముదిరిన తరువాత నేలనుండి లేచు వేడిగాలి చిత్రమును వణికించును. దానికిని ఏ లెన్సును మందు కాదు. మంచు విడిపోవుటకును ఎండ ముదురుటకును నడుమనున్న కొద్దిసేపే మనది. ఆ సమయమును కనిపెట్టుటకు సొమ్మక్కఱలేదు, ఓపిక చాలును.

చెమ్మ మాట గృహిణులకు చెప్పనక్కఱలేదు. చల్లని నీళ్ల చెంబును వంటయింటిలో నుంచినచో పైన నీటిబొట్లు పట్టును గదా! చలిలో తిరిగిన కెమేరాను పొయ్యి వెలుగుచున్న యింటిలోనికి తెచ్చినను అంతే. గుమ్మము దాటక ముందే ప్లాస్టిక్ సంచిలోనుంచి మూతి బిగించి, ఒక గంట యట్లే విడువుడు. బొట్లు సంచిపై పట్టును గాని అద్దముపై పట్టవు. పిమ్మట సిలికా జెల్ పొట్లములతో మూతగల డబ్బాలో భద్రపఱచుడు. బియ్యములో మాత్రము ఉంచకుడు. నూకపొడి లోనికి పోవును. చీరచెంగుతో అద్దము తుడువరాదు. ముందు గాలి ఊది దుమ్ము పోగొట్టి, పిదప మెత్తని గుడ్డతో తుడువుడు. రెండవ బ్యాటరీని రొండిని దోపుకొనుడు. ఒంటివెచ్చదనమునకు దాని సత్తువ నిలుచును.

స్త్రీలకు కెమేరా యేల యనువారు నేటికిని కలరు. రాజా దీనదయాళ్ 1892లో హైదరాబాదున ఘోషాస్త్రీలకొఱకు ప్రత్యేకముగా ఒక ఛాయాచిత్రశాల తెఱచి, దానిని కెన్నీ లెవిక్ అను ఆంగ్లవనిత కప్పగించెను. మన నగరమున కెమేరా వెనుక స్త్రీ నిలిచి నూఱేండ్లు దాటినది. ఆ దీనదయాళ్ సంస్థయే 1902లో వరంగల్లు అడవిలో చంపబడిన పెద్దపులితో కర్జన్ దంపతుల చిత్రమును తీసినది. ఆనాటి చిత్రమునకు మృగము పడియుండవలసివచ్చెను. మన చిత్రమునకు అది బ్రతికి తిరుగుచుండవలెను.

పోచారము ఒకప్పుడు నిజాముల వేటస్థలము. 1952 నుండి అభయారణ్యము. దుప్పి, కణితి, మనుబోతులతోబాటు చిరుతపులియు ఎలుగుబంటియు అచట కలవు. కావున ఒంటరిగా పోక, అటవీశాఖవారి యనుమతియు వేళలును ముందే తెలిసికొని పొండు. చలికాలపు పెద్దబాతులు మంగోలియా, టిబెట్టు దేశములనుండి హిమాలయములు దాటి వచ్చునవి. ఏడువేల మీటర్లకు పైయెత్తున అవి యెగురుట పరికరములచే కొలువబడినది. అంత శ్రమపడి వచ్చిన పక్షి తిని, సేదదీరి, తిరుగుప్రయాణమునకు సత్తువ కూర్చుకొనవలెను. ఎగురు చిత్రము కొఱకు రాయి విసరి లేపుట దాని నోటికూడు తీయుటయే. బాతులు మేత మాని తలలెత్తి మనవైపు చూచినచో మనము మిక్కిలి దగ్గఱ పోయితిమని గుర్తు. మెల్లగా వెనుకకు జరుగవలెను. దూరపు లెన్సు కొనుటకు అసలు కారణము ఇదియే: దానివలన మనము దూరముగా నుండగలము.

తాడ్వాయి సోదరికి మా సలహా క్లుప్తముగా ఇది: ముందు అద్దెలెన్సుతో ఒక దినము, పిదప ఎఫ్ 5.6 చేరువ మంచి లెన్సు, మిగిలిన పాలితో వాడిన చిన్న సెన్సారు కెమేరా, ఇంట కుట్టిన ఉలవల సంచి. సొమ్ము చాలనిచో కెమేరాలో తగ్గింపుడు, లెన్సులో తగ్గింపకుడు.