బ్రాయిలర్ కోళ్లకు యాంటీఆక్సిడెంట్ దాణా: ఎండల్లో నిజంగా పనిచేస్తుందా? లాభం ఎవరికి?

ఎండలు 40 డిగ్రీలు దాటాయంటే చాలు, తెలుగు రాష్ట్రాల్లో పౌల్ట్రీ రైతుల గుండెల్లో రైళ్లు పరిగెడతాయి. అమ్మకానికి రెడీగా ఉన్న రెండు కిలోల కోళ్లే ముందుగా వడదెబ్బకు పడిపోతాయి. అందుకే ఈ సీజన్‌లో విటమిన్ ఈ, సెలీనియం, విటమిన్ సి కలిపిన దాణాపై అందరి దృష్టీ పడుతుంది. మరి వీటితో ఉపయోగం ఎంత?

అసలు ఏం జరుగుతుంది?

కోడికి చెమట గ్రంథులు ఉండవు. దాని ఒంటి వేడే దాదాపు 41 డిగ్రీలు. ఎండ పెరిగితే నోరు తెరిచి రొప్పుతూ ఆ వేడిని బయటకు పంపాలి. దాణా తినడం తగ్గిపోతుంది, బరువు పెరగదు. అదే సమయంలో ఒంట్లో ఫ్రీ రాడికల్స్ పెరిగి పేగులు, కాలేయం, కండరాలను దెబ్బతీస్తాయి.

విటమిన్ ఈ కణాల పొరల్లోని కొవ్వును కాపాడుతుంది. ఫ్రీ రాడికల్స్‌ను అడ్డుకునే ఎంజైమ్ తయారీకి సెలీనియం కావాలి. విటమిన్ సి కోడి ఒంట్లోనే తయారవుతుంది కానీ, మండుటెండల్లో అది సరిపోదు.

మాంసానికి ఏం లాభం?

కోడి మాంసంలో త్వరగా పాడయ్యే అసంతృప్త కొవ్వులు ఎక్కువ. విటమిన్ ఈ కండరాల్లో చేరితే మాంసం వాసన రావడం ఆలస్యమవుతుంది. అయితే కోతకు రెండు రోజుల ముందు పెడితే ఫలితం ఉండదు. కొన్ని వారాల పాటు ఇవ్వాలి. పైగా మన దగ్గర ఎక్కువ మంది కళ్ల ముందే కోయించుకుని అదే రోజు వండుకుంటారు. అంటే ఈ లాభం ప్రధానంగా ఫ్రోజెన్ చికెన్ అమ్మే కంపెనీలకే!

మోతాదు మించితే?

అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 1994 లెక్క ప్రకారం కిలో దాణాకు 10 యూనిట్ల విటమిన్ ఈ, 0.15 మిల్లీగ్రాముల సెలీనియం చాలు. మాంసం నాణ్యత కోసం చేసే ప్రయోగాల్లో విటమిన్ ఈ 100 నుంచి 200 యూనిట్ల దాకా ఇస్తుంటారు. సెలీనియంతో మాత్రం జాగ్రత్త. ఎక్కువైతే అదే విషం.

ఖర్చు ఎవరిది?

కోళ్ల పెంపకం ఖర్చులో సింహభాగం దాణాదే. సొంతంగా పెంచే రైతుకు ప్రతి అదనపు రూపాయీ భారమే. కంపెనీ ఒప్పందంతో పెంచే రైతు పరిస్థితి వేరు. పిల్లలు, దాణా, మందులు కంపెనీవే. దాణాలో ఏం కలపాలో నిర్ణయించేది కూడా కంపెనీయే. కానీ కోళ్లు చనిపోతే తగ్గేది రైతుకు వచ్చే పెంపకం ఛార్జీ.

ఒక్క మాటలో చెప్పాలంటే యాంటీఆక్సిడెంట్లు సాయం మాత్రమే చేస్తాయి. ఫాగర్లు, ఫ్యాన్లు, చల్లటి నీళ్లు, షెడ్డులో కోళ్ల సంఖ్య తగ్గించడం... ఇవి లేకుండా ఎంత ఖరీదైన దాణా పోసినా కోళ్లు నిలబడటం కష్టమే.