శవం లేని చావిల్లు

సిడ్నీ పడమటి శివారు గిరావీన్‌లో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. అర్ధరాత్రి ఇండియా నుంచి ఫోన్ మోగితే గుండె గుభేలుమనని ఇల్లు వాటిలో ఉండదు. కరోనా కాలం ఆ భయాన్ని నిజం చేసింది. 2020 మార్చి 25 నుంచి 2021 అక్టోబర్ చివరి దాకా పౌరులు, శాశ్వత నివాసులు ప్రత్యేక అనుమతి లేకుండా ఆస్ట్రేలియా దాటడానికి వీల్లేకపోయింది. ఎందరో కన్నవాళ్ల దహనాన్ని ఫోన్ తెరమీదే చూశారు.

సరిహద్దులు తెరుచుకున్నాయి గానీ ఆ దుఃఖం తీరలేదు. కడచూపు దక్కకపోవడం ఒక్కటే కాదు దానికి కారణం, దుఃఖాన్ని పంచుకునే నలుగురు దగ్గర లేకపోవడం కూడా.

మన ఊళ్లలో పాడెను దారిమధ్య దింపుడు కళ్లం దగ్గర దించుతారు. అయినవాళ్లు చెవి దగ్గర నోరుపెట్టి మూడుసార్లు పిలుస్తారు. పలకరని అందరికీ తెలుసు. అయినా పిలిచాకే పాడె లేస్తుంది. మనసు ఒప్పుకోని సంగతిని నలుగురి మధ్య ఒప్పుకునేందుకు పెద్దలు ఏర్పరచిన మజిలీ అది. పెద్దకర్మ, మాసికాలు, సంవత్సరీకం దుఃఖానికి గడువులు పెడతాయి.

ఇలాంటి కట్టుబాట్లు ఇక్కడా ఉన్నాయి. గిరావీన్ ఉన్నది దారుగ్ ఆదివాసుల నేల. ఆస్ట్రేలియాలోని అనేక ఆదివాసీ సమూహాల్లో పోయినవారి పేరును కొంతకాలం పలకరు, బొమ్మ చూపరు. అందుకే పోయిన ఆదివాసుల పేర్లో బొమ్మలో వచ్చే టీవీ కార్యక్రమాలకు ముందు ఇక్కడ హెచ్చరిక వేస్తారు. మనం పేరుపెట్టి పిలుస్తాం, వాళ్లు పేరు దాస్తారు. రెండుచోట్లా ఆ బరువు ఒక్కరి మీద పడకుండా సమూహమంతా మోస్తుంది.

సముద్రం ఇవతల కొడుకుకో కూతురికో ఆ సమూహం లేదు. శవం అక్కడుంది, పందిరి అక్కడుంది, గుమ్మం ముందు చెప్పుల గుట్ట అక్కడుంది. ఇక్కడ పొద్దున్నే చెత్తబుట్ట వీధిలో పెట్టాలి, పిల్లల్ని బడిలో దింపాలి, ఆఫీసు మీటింగులో కూర్చోవాలి. అది చావు జరిగిన ఇల్లని పక్కింటికి కూడా తెలియదు. వాట్సాప్ గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు వచ్చి పడతాయి. అంతటితో పరామర్శ అయిపోయిందనుకుంటాం.

ఇది మారాలి. తల్లో తండ్రో ఎక్కడ పోయినా, బిడ్డ ఉన్న ఇల్లూ చావిల్లే. కాబట్టి ఆ ఇంటికి వెళ్దాం. పెద్దకర్మ దాకా వంతులేసుకుని వంట అందిద్దాం. పోయినవారి గురించి అడుగుదాం, చెప్పనిద్దాం. “పనిలో పడితే అదే సర్దుకుంటుంది” అనొద్దు. బతికున్న అమ్మానాన్నలతోనూ, అశుభమని నోరు మూయకుండా, వాళ్ల చివరి కోరికలు ఇప్పుడే మాట్లాడదాం. చావును ఎవరూ ఆపలేరు. దాని ముందు మనిషిని ఒంటరిగా వదలకపోవడం మన చేతిలో పని.