మారుమూల సర్వర్‌కు దారి ఎటు నుంచి?

(ప్రత్యేక వ్యాసం)

2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. చింతూరు, కూనవరం, వర రామచంద్రాపురం, ఎటపాక మండలాలకు రాకపోకలు స్తంభించాయి. ఇటువంటి సమయంలో అక్కడి ఆసుపత్రిలోనో, మండల కార్యాలయంలోనో సర్వర్ మొరాయిస్తే నిపుణుడిని పంపడం సాధ్యపడదు. జిల్లా కేంద్రం నుంచే సరిచేయాలి. అందుకు ఆ సర్వర్ ఇంటర్నెట్ ద్వారా అందుబాటులో ఉండాలి. మామూలు కనెక్షన్‌తో ఇది నెరవేరకపోవడానికి ఒక కారణం ఉంది.

కార్యాలయాల్లోని టెలిఫోన్ ఎక్స్‌టెన్షన్ ఇందుకు చక్కని పోలిక. లోపలివారు బయటకు మాట్లాడగలరు కాని బయటివారు ఆ ఎక్స్‌టెన్షన్‌కు నేరుగా ఫోను చేయలేరు. ఇంటర్నెట్ పాత చిరునామాల పద్ధతి అయిన ఐపీవీ4లో మొత్తం చిరునామాలు సుమారు 430 కోట్లు మాత్రమే. ఆసియా, పసిఫిక్ ప్రాంత సంస్థ వద్ద ఉన్న నిల్వ 2011 ఏప్రిల్‌లోనే చివరి భాగానికి చేరింది. సర్వీసు సంస్థల అంతర్గత వినియోగానికి 100.64తో మొదలయ్యే చిరునామాలను 2012లో ప్రత్యేకించడం జరిగింది. ఫలితంగా సిమ్ కార్డుతో నడిచే సర్వర్‌కు సాధారణంగా సొంత బహిరంగ చిరునామా ఉండదు. అనేకమంది ఒకే చిరునామాను పంచుకుంటారు. 'సర్వర్ డౌన్' అని వార్తల్లో వచ్చే సందర్భాలలో కొన్నింటిలో సర్వర్ చక్కగానే పనిచేస్తుంటుంది, దాని దగ్గరకు వెళ్లే దారి మాత్రమే ఉండదు. 'సాంకేతిక కారణాలు' అంటూ ప్రకటనలిచ్చే మా బోటివారు సైతం ఈ తేడాను గుర్తించడం అవసరం.

అద్దెకు స్థిరమైన చిరునామా తీసుకుని, రూటర్‌లో ఒక ద్వారం తెరిచి ఉంచడం చాలామంది గుత్తేదారులు అనుసరించే దగ్గరి దారి. పని ఒక పూటలో పూర్తవుతుంది. అయితే తెరిచి ఉన్న ద్వారాల కోసం ఇంటర్నెట్‌ను నిరంతరం గాలించే యంత్రాలకు అది త్వరలోనే చిక్కుతుంది. 2017 మే 12న విజృంభించిన వన్నాక్రై, విండోస్‌లో ఫైళ్లు పంచుకునే ద్వారం గుండానే వ్యాపించింది. దాని విరుగుడును మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే విడుదల చేసినప్పటికీ వేసుకోని యంత్రాలు దెబ్బతిన్నాయి. మారుమూల సర్వర్లకు అప్‌డేట్లు అందరికంటే ఆలస్యంగా అందుతాయని వేరుగా చెప్పనక్కరలేదు.

సర్వర్ తానే బయలుదేరి కేంద్ర డేటా సెంటర్‌తో సంబంధం ఏర్పరచుకోవడం ఇంతకంటే మేలైన మార్గం. లోపలి నుంచి బయటకు వెళ్లే దారి ఎలాగూ ఉన్నందున స్థిరమైన చిరునామా అక్కడ అక్కరలేదు. రహస్య లిపిలో సాగే ఈ సొరంగ మార్గం గుండా అధీకృత సిబ్బంది వెనుకకు ప్రయాణించి సర్వర్‌ను చేరుకుంటారు. మార్గం మూసుకుపోకుండా సర్వర్ పాతిక సెకన్లకు ఒకసారి చిన్న సంకేతం పంపితే చాలు. 2020 నుంచి లైనక్స్ కెర్నల్‌లో భాగమైన వైర్‌గార్డ్‌తో ఈ ఏర్పాటును లైసెన్సు రుసుము లేకుండా చేసుకోవచ్చు. ప్రతి సర్వర్‌కు వేర్వేరు తాళంచెవి ఉంటుంది కనుక ఒకటి దొంగతనానికి గురైతే దానిని మాత్రమే రద్దుచేయవచ్చు.

ఇందులోనూ ఒక ప్రమాదం ఉంది. దారులన్నీ కలిసే కేంద్రం దెబ్బతింటే దాడిచేసినవారు అన్ని కార్యాలయాలలోకీ ప్రవేశించగలరు. 2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్‌లో అయిదు సర్వర్లు, సుమారు 1.3 టెరాబైట్ల సమాచారం దాడికి గురయ్యాయని, నెట్‌వర్క్ విభజన సక్రమంగా లేకపోవడమే కారణమని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. కాబట్టి ఒక కార్యాలయం దారి మరో కార్యాలయానికి తెరుచుకోకుండా కట్టుదిట్టం చేయాలి. టెండరు పత్రంలో ఈ షరతు తరచుగా కానరాదు. మరమ్మతు కోసం గుత్తేదారు పొందిన ప్రవేశాన్ని పని ముగిశాక ఎవరు రద్దుచేయాలో కూడా రాసి ఉండదు.

సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీచేసిన ఆదేశాల ప్రకారం లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి, సంఘటన గమనించిన ఆరు గంటల్లోగా తెలియజేయాలి. రాకపోకలన్నీ ఒకే కేంద్రం గుండా సాగితే ఎవరు ఎప్పుడు ప్రవేశించారన్న లాగ్ అక్కడే లభిస్తుంది. ఐపీవీ6 వల్ల చిరునామాల కొరత తీరినా ఫైర్‌వాల్ అవసరం తీరదు.

సెల్ టవర్‌కు విద్యుత్తు నిలిచిపోతే సొరంగ మార్గమూ పనిచేయదు. అటువంటి చోట ఉపగ్రహ కనెక్షన్‌ను రెండో దారిగా ఉంచాలి. అదీ లేనిచోట సర్వర్ సమాచారాన్ని స్థానికంగా దాచుకుని, దారి తిరిగి కలిసిన వెంటనే తనంతట తానే పంపే ఏర్పాటు ఉండాలి.