కరెంటు పోయినా పాట ఆగకూడదు



గత క్రిస్మస్ సమయములో మా సంఘములో జరిగిన ఒక సంగతిని మీతో పంచుకొనగోరుచున్నాను. పిల్లలు నెల రోజులు సాధన చేసిన పాట పాడుచున్నారు. సెల్‌ఫోనులోని సంగీతము స్పీకరులో మ్రోగుచుండగా ఒకబ్బాయి కీబోర్డు వాయించుచున్నాడు. రెండవ చరణములో కరెంటు పోయినది. స్పీకరు ఆగినది, కీబోర్డు ఆగినది, వాటితోపాటు పిల్లల నోళ్లు కూడ ఆగిపోయినవి! అప్పుడు చాపమీద కూర్చున్న ఒక మామ్మగారు చేతులతో తాళము వేయుచు అదే పాట ఎత్తుకొన్నారు. ఆమెకు చదువు రాదు. అయినను చీకటిలోనే పాట పూర్తయినది.

ఆ రాత్రి నన్ను ఒక ప్రశ్న వెంటాడినది. నెల రోజులు మేము పిల్లలకు పాట నేర్పితిమా, లేక స్పీకరు వెంట నడచుట నేర్పితిమా?

యంత్రమును నిందించుట నా ఉద్దేశము కాదు. నేడు మనము ఎంతో సొంతముగా భావించు హార్మోనియము కూడ ఐరోపానుండి వచ్చినదే. దాని మెట్లు గమకము పలుకలేవని విమర్శించి 1940లో ఆలిండియా రేడియో దానిని నిషేధించినది. 1971లో గాని ఆ నిషేధము సడలలేదు. ఆ లోపము నిజమే. అయినను మన పల్లె మందిరములలో అది ఎందరికో స్వరజ్ఞానము నేర్పినది. కీబోర్డు, సెల్‌ఫోను కూడ అట్టివే. మేలు తెలిసి వాడుకొనవలెను, హద్దు తెలిసి ప్రక్కన పెట్టవలెను.

మేలు ఏమిటి? మొదటిది శ్రుతి. తంబూరా నాదమును వినిపించు ఉచిత యాప్‌లు ఉన్నవి. ఆ నాదముతో రోజుకు పది నిమిషములు 'స' నిలుపుట నేర్చిన బిడ్డ గొంతు త్వరగా కుదురుకొనును. రెండవది లయ. మెట్రోనోమ్ యాప్‌ను నిమిషమునకు 60 దెబ్బలకు పెట్టి పాడిన యెడల, ఎక్కడ పరుగెత్తుచున్నామో మనకే తెలియును. మూడవది రికార్డింగు. తన పాటను తానే వినుకొన్నవానికి తన తప్పు వేరొకరు చెప్పనక్కరలేదు. పూర్వము క్యాసెట్టు నెమ్మదిగా తిరిగినయెడల గొంతు బొంగురుపోయి శ్రుతి దిగిపోయెడిది. నేడు ఫోనులో వేగమును ముప్పావు వంతుకు తగ్గించినను శ్రుతి మారదు. కష్టమైన సంగతిని నెమ్మదిగా పదిసార్లు విని పట్టుకొనవచ్చును. పట్టణమునకు వెళ్లి నేర్చుకొనలేని పల్లె బిడ్డకు ఇది గొప్ప సహాయము.

మరి హద్దు ఏమిటి? కీబోర్డుమీద ట్రాన్స్‌పోజ్ అను బటను ఉన్నది. వ్రేళ్లు అవే మెట్లమీద ఉండగానే శ్రుతి మారిపోవును. ఆరాధనలో సంఘము అందుకొనలేనప్పుడు అది ఉపయోగమే. గాని నేర్చుకొను పిల్లవాడు దానినే నమ్ముకొనిన యెడల ఒక్క శ్రుతి తప్ప మరేదియు వ్రేళ్లకు రాదు. అట్లే కీబోర్డులోని రిథమ్‌లు ఎక్కువగా మూడు లేక నాలుగు లెక్కలవి. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనలకు రాగతాళములు వ్రాయబడియున్నవి గదా! మూడు, నాలుగు కలిసి ఏడు అక్షరములుగా నడచు మిశ్రచాపు కీర్తనను నాలుగు లెక్కలో ఇరికించిన యెడల పాట నడకే మారిపోవును. చేతితో తాళము వేయించి నేర్పిన తరువాతనే రిథమ్ నొక్కనివ్వండి.

ఇంటిలో ఒక చిన్న పద్ధతి పాటించి చూడండి. సోమ, మంగళవారములలో పాటను ఫోనులో విననివ్వండి. బుధ, గురువారములలో శ్రుతి మాత్రము పెట్టి పాడించండి. శుక్రవారము రికార్డు చేసి విని తప్పులు దిద్దండి. శనివారము ఫోను పక్కన పెట్టి, రాత్రి భోజనమైన తరువాత కుటుంబమంతయు చేతి తాళముతో పాడండి. ఆదివారము కరెంటు ఉన్నను లేకున్నను భయము లేదు.

మరొక పని ఆలస్యము చేయవద్దు. మీ సంఘములో పాత కీర్తనల రాగములు ఎరిగిన పెద్దలు ఎందరు మిగిలియున్నారు? పుస్తకములో రాగము పేరు ఉండును గాని, వారు పాడు తీరు ఉండదు. పిల్లలను వారి యొద్దకు పంపి రికార్డు చేయించండి. పాట పేరు, పాడినవారి పేరు, తేదీ ముందుగా చెప్పించి, రెండు చోట్ల భద్రపరచండి. ఫోను పాడైనను పాట పోకూడదు. అయితే రికార్డు చేసి లేచి రాకుండ, వారితో కూర్చుండి పాడి రమ్మనండి. తప్పినచోట ఆపి, మరల పాడించు ప్రేమ ఫోనులో దొరకదు.

దావీదు దినములలో గానమునందు ప్రవీణులైనవారు 288 మంది అని 1 దినవృత్తాంతములు 25వ అధ్యాయములో చదువుచున్నాము. గురువని, శిష్యుడని భేదము లేక అందరును వంతులకొరకు చీట్లు వేసికొనిరి. మన మందిరములలోను ఆ మామ్మగారు, కీబోర్డు వాయించు ఆ అబ్బాయి ఒకే చాపమీద కూర్చుండి నేర్చుకొందురు గాక. ఆ మామ్మగారి పాటలు రికార్డు చేయుట మా పిల్లలు మొదలుపెట్టిరి. మీ ఊరిలో ఎవరి యొద్దకు వెళ్లవలెనో మీకు తెలిసే యుండును.