వానలకు ముందే కూర్చోవాలి
2020 అక్టోబరు వానలకు హైదరాబాద్ శివారున అప్పటి జల్‌పల్లి మున్సిపాలిటీలోని ఉస్మాన్‌నగర్‌ను ముంచిన చెరువు నీళ్లు నెలల తరబడి కదల్లేదు. ఇళ్లకు తాళాలేసి జనం అద్దె గదులకు, చుట్టాల పంచకు చేరారు. ఎవరికి వారు అర్జీ పట్టుకుని తిరిగితే దక్కేది రశీదే. గల్లీవాళ్లంతా నెలకోసారి కూర్చుని, ఏ నాలా ఎక్కడ పూడింది, ఏ మ్యాన్‌హోల్‌కు మూత లేదు, అలుగు నీరు ఎటు పోవాలి అన్నది రాసి, తేదీ వేసి, అందరి సంతకాలతో ఇస్తే పక్కన పడేయడం అంత తేలిక కాదు. ఇలా కూర్చోవడం కొత్తేమీ కాదు, 2019 తెలంగాణ మున్సిపల్ చట్టమే వార్డుకు నాలుగు కమిటీలు ఉండాలంది. అందులో ఒకటి మహిళలది. వాళ్ల మాటే ముందు వినాలి, ఇంట్లోకొచ్చిన మురుగు ఎత్తిపోసేది వాళ్లే కదా! పార్టీ జెండాలు పక్కన పెట్టి, బడి ఆవరణలోనైనా సరే, ఈ ఆదివారమే కూర్చోండి.