తల్లి పేరు లేని పెండ్లి పత్రిక

తండ్రి లేని పిల్ల పెండ్లి పత్రిక రాయించేటప్పుడు ఒక చోట అందరి నోళ్లూ ఆగుతాయి. పైన దేవుని బొమ్మ, సీతారాముల తలంబ్రాల శ్లోకం, సంవత్సరం, మాసం, తిథి, లగ్నం అన్నీ గడగడా అయిపోతాయి. 'ఆహ్వానించువారు' దగ్గరికి రాగానే కంప్యూటర్ ముందున్న పిల్లగాడు తలెత్తి అడుగుతాడు: "అన్నా, ఎవరి పేరు మీద వెయ్యాలె?" వచ్చిన చిన్నాయన కాసేపు ఆలోచించి అంటాడు: "వదినె పేరు వద్దులే. మా పెద్దన్నది, పెద్దొదినెది వెయ్యి. పిల్ల తండ్రి పేరు ముంగట కీ.శే. పెట్టు." జనగామ జిల్లా దేవరుప్పుల చుట్టుపక్కల ఊర్లవాళ్లు కార్డుల కోసం జనగామకు పోయినా, వరంగల్‌కు పోయినా మాట ఇదే తీరుగా నడుస్తుంది.

ఆ పత్రిక చేతికి వచ్చినప్పుడు ఒకసారి నిదానంగా చదవండి. చనిపోయిన తండ్రి అందులో ఉన్నాడు. బతికున్న తల్లి లేదు. పత్తి ఏరి, నాట్లకు పోయి, మహిళా సంఘంలో అప్పు తెచ్చి పిల్లను చదివించింది ఆమె. సంబంధం కుదిరేదాకా నిద్రపోనిదీ ఆమే. పిలుపు దగ్గరికి వచ్చేసరికి ఆమెను పక్కకు తప్పించి, ఏడాదికి రెండుసార్లు ఇంటికి వచ్చిపోయే పెద్దబాపును ముందు నిలబెడతారు. పీటల మీదా అతనే, కాళ్లు కడిగేదీ అతనే.

ఎందుకని అడిగితే జవాబు కటువుగా రాదు, మెత్తగానే వస్తుంది. "పిల్ల మంచి కోసమే" అంటారు. నిజమే, వాళ్ల మనసులో ఉన్నది పిల్ల మీద ప్రేమే, దాని వెనక భయమే. మగడు పోయిన ఆడమనిషి పేరు శుభలేఖ మీద పడితే ఆ నీడ కొత్త పెండ్లికూతురి ఐదోతనం మీద పడుతుందని ఆ భయం. మైలపోలు తీసేటప్పుడు, ఐరేని కుండలు తెచ్చేటప్పుడు ముత్తైదువలు ముందుకు వస్తుంటే ఆమె తనంతట తనే గోడకు జరిగి నిలబడుతుంది. ఎవరూ పొమ్మననక్కరలేదు. ఇన్నేళ్లుగా ఆమెకు నేర్పింది అదే.

ఈ నమ్మకాన్ని పరీక్షించడానికి శాస్త్రం చదవక్కరలేదు. ఆ తల్లి పెండ్లి పత్రికను పెట్టెలోంచి తీస్తే చాలు. దాని నాలుగు మూలలా పసుపు ఉంది. దైవజ్ఞులు నిశ్చయించిన సుముహూర్తం ఉంది. ఆమె పేరు ముందు 'చి.ల.సౌ.' ఉంది, చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అని. ఆహ్వానించినవాళ్లు దంపతులే, వడ్డించినవాళ్లు ముత్తైదువలే. ఒక్క అక్షరం తప్పు పోలేదు. అయినా మగడు ముప్పై ఐదేళ్లకే పోయాడు. రోడ్డు మీద లారీ గుద్దిందో, గుండె ఆగిందో, అప్పులకు పురుగుల మందు తాగాడో. ఆ కారణాల్లో పత్రిక ఎక్కడా లేదు. మంచి అక్షరాలు ఆమెను కాపాడలేకపోయినప్పుడు, ఇప్పుడు ఆమె పేరులోని అక్షరాలు బిడ్డను ఎట్లా చెరుపుతాయి? అక్షరానికి మేలు చేసే శక్తి లేదని ఆమె బతుకే చూపించింది. అదే అక్షరానికి కీడు చేసే శక్తి మాత్రం ఉందని ఏ ఆధారంతో నమ్మాలి?

మగడు ఉన్నాడా లేడా అని ఆడమనిషిని కొలిచే ఈ కొలత పెండ్లినాడు మొదలైంది కాదు, మన రాతలోనే ఉంది. మగవాడు పెండ్లి కాకముందూ శ్రీ, అయినాకా శ్రీ, భార్య పోయినా శ్రీ. ఆడమనిషి మాత్రం కుమారి, శ్రీమతి, సౌభాగ్యవతి. మగడు పోతే పాత దస్తావేజుల్లో, ఉత్తరాల్లో 'గంగాభాగీరథీ సమానురాలు'. నదితో పోల్చారు కదా, గౌరవమే కదా అనిపించవచ్చు. కానీ ఆ మాట కనబడగానే చదివేవాడికి తెలిసేది ఒక్కటే, ఈమెకు భర్త లేడని. 2023లో మహారాష్ట్రలో ఒక మంత్రి 'విధవ' అనే మాటకు బదులు 'గంగా భాగీరథి' వాడదామని ప్రతిపాదిస్తే అక్కడి స్త్రీలు మండిపడ్డది అందుకే. ముద్ర మీద పూలు చల్లినా ముద్ర ముద్రే.

మరో సంగతి చెప్పాలి, ఇది నన్ను ఎక్కువ బాధపెడుతుంది. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో తన చేతుల మీదుగా మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు వెలి వేసింది పై కులాల సమాజం. మన శ్రమ కులాలు చాలావాటిలో అప్పటికే మారుమనువు ఉంది. మగడు పోయినామె మళ్లీ ఇల్లు కట్టుకుంటే ఊరు కూలిపోలేదు. ఆ కులాలవాళ్లే ఇవాళ నాలుగు డబ్బులు చేతికొచ్చాక, బంగారు అక్షరాల కార్డుతోపాటు, తమ తాతముత్తాతలకు లేని ఈ అశుభాన్ని కూడా కొనుక్కుంటున్నారు. ఇప్పుడు మారుమనువుకు పత్రికే వేయరు. గుళ్లో పది మందితో కానిచ్చేస్తారు. పత్రిక దాచేది ఇదొక్కటే కాదు. విడిపోయిన తల్లిదండ్రులుంటే ఏళ్లుగా మాటల్లేని ఇద్దరిని ఆ ఒక్క కాగితం మీద 'శ్రీమతి & శ్రీ' అని కలిపి అబద్ధం అచ్చు వేస్తారు. కులాంతర పెండ్లికి ఒక వైపు పేర్లు ఖాళీ.

సర్కారు కాగితం ఈ విషయంలో శుభలేఖ కంటే నయం. తెలంగాణలో 2014 అక్టోబర్ 2న మొదలైన కల్యాణలక్ష్మి పథకంలో సాయం 2018 నుంచి 1,00,116 రూపాయలు. ఆ చెక్కు వచ్చేది పెండ్లికూతురి తల్లి పేరున. మగడు ఉన్నాడా లేడా అని ఆ చెక్కు అడగదు. చెక్కు మీద పేరు పడితే కీడు లేదు, అదే పేరు కార్డు మీద పడితే కీడా? ఇక తల్లి ఒక్కతే కన్యాదానం చేయరాదన్న మాటకొస్తే, హిందూ వివాహ చట్టం ప్రకారం పెండ్లి చెల్లడానికి కన్యాదానమే తప్పనిసరి కాదని 2024లో అలహాబాద్ హైకోర్టు చెప్పింది.

"పెద్దల కాలం నుంచి వస్తున్నది, మనమెట్లా మారుస్తాం" అంటారు. ఈ మాట అనడానికి దేవరుప్పుల తగిన చోటు కాదు. 1946 జూలై 4న దొరల మీద పోరులో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి ఈ మండలంలోదే. భూమి వదలనని విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచిన చాకలి ఐలమ్మది పక్కనే ఉన్న పాలకుర్తి. వాళ్లు ఎదిరించిన దొరల వెట్టి కూడా పెద్దల కాలం నుంచి వచ్చిందే. పెండ్లి తంతును మార్చినవాళ్లూ మన భాషలో ఉన్నారు. త్రిపురనేని రామస్వామి చౌదరి తెలుగులోనే పెండ్లి జరుపుకోవడానికి 'వివాహవిధి' రాశారు. నాస్తికోద్యమ నాయకుడు గోరా తన కూతురి కులాంతర వివాహాన్ని 1948లో సేవాగ్రాంలో జరిపించారు. అంత దూరం పోలేనివాళ్లు మహారాష్ట్రలోని హేర్వాడ్‌ను చూడవచ్చు. 2022 మేలో ఆ ఊరి పంచాయతీ, మగడు పోయినామె గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం వద్దని తీర్మానం చేసింది. గ్రామసభ పెట్టుకుని మాట్లాడుకుంటే అయిన పని అది. పెండ్లి పత్రికకు తీర్మానం కూడా అక్కరలేదు.

శ్లోకం కావాలంటే ఉంచుకోండి, తిథి కావాలంటే రాసుకోండి. ఇప్పటికి పిలిచే చోట ఇట్లా రాయించండి: "మా బిడ్డ పెండ్లి. ఫలానా రోజు, ఫలానా చోట. నేను పిలుస్తున్నాను, మీరందరూ రావాలె." కింద తల్లి పేరు, పూర్తి పేరు, ముందు శ్రీమతీ వద్దు, ఇంకే గుర్తూ వద్దు. తండ్రిని తలుచుకోవాలనిపిస్తే పిల్ల పేరు పక్కన ఆయన పేరు రాయండి. పెద్దబాపు, చిన్నాయన, మేనమామ పేర్లు ఆమె పేరు తర్వాత వరుసగా వస్తాయి. మొదటి కార్డుకు పసుపు రాసేది కూడా ఆమె చెయ్యే కానివ్వండి.